మనసును కొలిచేవారు, తీర్పు చెప్పేవారు: మనోవైజ్ఞానిక పరిశోధన – సామాజిక న్యాయం (మహదేవపూర్ ప్రాంత నేపథ్యంలో ఒక విమర్శ)

వ్యాససంగ్రహం

అసమానతను తగ్గించటంలో మనోవైజ్ఞానిక పరిశోధన ఎంతవరకు పనికివస్తుందన్నది ఈ వ్యాస విషయం. కులం, పేదరికం అంశాలపై భారతదేశంలో జరిగిన కొన్ని ప్రయోగాలు, తెలంగాణలో రైతు ఆత్మహత్యల నిర్ధారణ విధానం, గురుకుల విద్యాలయాల నుంచి వచ్చిన స్వేరో ఉద్యమం, తెలుగు నవలావిమర్శలో "మనోవైజ్ఞానిక" అన్న విశేషణం వాడుక ఇందులో చర్చకు వస్తాయి. అన్యాయానికి గురైనవారి మనసును పరిశోధకులు కొలిచినంతగా, వారిపై తీర్పు చెప్పేవారి మనసును కొలవలేదని వ్యాసం వాదిస్తుంది.

కీలక పదాలు: సాంఘిక మనోవిజ్ఞానం, కులం, రైతు ఆత్మహత్యలు, కౌలు రైతులు, స్వేరో, రంధి, మనాది, మహదేవపూర్.

ప్రవేశిక

ప్రాణహిత గోదావరిలో కలిసే కాళేశ్వరానికి కొద్ది దూరంలో ఉన్న మహదేవపూర్ 2016 అక్టోబరు 11 వరకు కరీంనగర్ జిల్లాలో ఉండేది. జిల్లాల పునర్వ్యవస్థీకరణ తరువాత జయశంకర్ భూపాలపల్లి జిల్లాలో చేరింది. నదికి ఆవల మహారాష్ట్రలోని సిరొంచ, ఈవల దట్టమైన అడవి. మద్దిచెట్ల మీద పురుగులను పెంచి దసలికాయలు తీయటం, ఆ పట్టుదారంతో చీరలు నేయటం ఇక్కడి పేరున్న వృత్తులు. పొలాల్లో పత్తి, వరి, మిరప. కోయలు, నాయకపోడ్లు, దళితులు, వెనుకబడిన కులాలవారు కలిసి బతికే నేల ఇది. 2019లో ప్రారంభమైన మేడిగడ్డ బ్యారేజీ ఈ మండలంలోనిదే. 2023 అక్టోబరు 21న దాని ఏడో బ్లాకులో స్తంభాలు కుంగినప్పుడు రాష్ట్రమంతటా ఈ ఊరి పేరు వినిపించింది.

ఇటువంటి చోటికి మనోవిజ్ఞాన పరిశోధకుడు వచ్చాడనుకుందాం. అతని సంచిలో ఆత్మగౌరవాన్ని కొలిచే మాపకం, కుంగుబాటును కొలిచే మాపకం, సాధనాభిలాషను కొలిచే మాపకం ఉంటాయి. పాఠశాలలోనో, పంచాయతీ కార్యాలయం ముందో కొందరిని కూర్చోబెట్టి వాటిని నింపిస్తాడు. గిరిజన బాలుర సగటు తక్కువగా వచ్చిందని, కౌలు రైతుల ఆందోళన ఎక్కువగా ఉన్నదని పట్టికలు తయారవుతాయి. ఆత్మవిశ్వాసం పెంచే శిక్షణ అవసరమని సూచనలుంటాయి. పరిశోధన పట్టా వస్తుంది. ఇందులో అబద్ధమేమీ లేకపోవచ్చు. సామాజిక న్యాయానికి ఇందువల్ల ఒరిగిందేమిటన్నది మాత్రం విడిగా అడగవలసిన ప్రశ్న. లోపం కొలవబడినవాని లోపల ఉన్నదని ఆ పట్టిక ముందే ఒప్పుకున్నది. చుట్టూ ఉన్న మనుషులు, కార్యాలయాలు, నియమాలు ఆ పట్టికలో ఏ గడిలోనూ లేవు.

ఈ ధోరణి తెలుగునాట పుట్టింది కాదు. అమెరికాలో 1954 నాటి బ్రౌన్ తీర్పు పాఠశాలల్లో జాతివివక్షను కొట్టివేసినప్పుడు, కెన్నెత్ క్లార్క్, మేమీ క్లార్క్ దంపతులు నల్లజాతి పిల్లలతో చేసిన బొమ్మల ప్రయోగాలు న్యాయస్థానం ముందుకు వచ్చాయి. తీర్పులోని పదకొండో పాదసూచిక ఈ పరిశోధనా ధారనే ప్రస్తావించింది. మనోవిజ్ఞానం న్యాయానికి తోడు నిలిచిన ఘట్టంగా దాన్ని పాఠ్యగ్రంథాలు నేటికీ చెబుతాయి. ఆ కీర్తి అర్హమైనదే. అయితే నల్లజాతి పిల్లవాని మనసు దెబ్బతిన్నదని నిరూపిస్తేనే వివక్ష తప్పు అవుతుందన్న వాదనలో ఒక ప్రమాదం ఉన్నది. దెబ్బతినని పిల్లవాడు దొరికితే వివక్ష సరైనదవుతుందా? చరిత్రకారుడు డారిల్ స్కాట్ 1997లో ప్రచురించిన గ్రంథంలో ఈ "దెబ్బతిన్న మనసు" చిత్రణ జాలికీ, చులకనకూ కలిపి దారితీసిన తీరును వివరంగా చర్చించాడు. భారతీయ విశ్వవిద్యాలయాల్లో ఎస్సీ, ఎస్టీ విద్యార్థుల "వ్యక్తిత్వ లక్షణాల" మీద దశాబ్దాలుగా వస్తున్న సిద్ధాంత గ్రంథాలు అధికభాగం ఈ చిత్రణ నీడలోనే ఉన్నాయి. ఆంధ్ర విశ్వకళాపరిషత్తులో 1967లో మనోవిజ్ఞానానికి ఏర్పడిన శాఖ పేరులో పరామనోవిజ్ఞానానికి సైతం చోటు దొరికింది. కులానికి ఏ శాఖ పేరులోనూ చోటు దొరకకపోవటం యాదృచ్ఛికమే కావచ్చు.

చిక్కుదారి బొమ్మలు, లాటరీ చీటీ

ఈ విషయంలో తప్పక చదవవలసిన ప్రయోగం కార్లా హాఫ్, ప్రియాంకా పాండేలు ఉత్తరప్రదేశ్ గ్రామాల్లో చేసినది. 2004లో ప్రపంచబ్యాంకు పత్రంగా, 2006లో సంక్షిప్తంగా ఇది వెలువడింది. అగ్రకులాలకు చెందిన 321 మంది, నిమ్నకులాలకు చెందిన 321 మంది బాలురు ఇందులో పాల్గొన్నారు. వారు చేయవలసిన పని కాగితం మీది చిక్కుదారి బొమ్మల్లో దారి కనుక్కోవటం. సరిగా కనుక్కున్నదానికి డబ్బు ఇస్తారు. కులం ప్రస్తావన లేనప్పుడు రెండు వర్గాల పనితీరులో తేడా కనిపించలేదు. పిల్లవాని పేరు, ఊరు, తండ్రి పేరు, తాత పేరు, కులం అందరిముందు చదివి వినిపించిన తరువాత నిమ్నకుల బాలుర పనితీరు పడిపోయింది.

సాధారణంగా ఉటంకింపులు ఇక్కడితో ఆగిపోతాయి. కులం పేరు వినగానే పిల్లవాడు తనను తాను తక్కువగా భావించుకున్నాడు, కనుక అతని మనసు బాగుచేయాలి అన్న నిర్ణయానికి చదువరులు తొందరపడి వస్తారు. వేదికల మీద ఈ ప్రయోగాన్ని ప్రస్తావించే ఉపన్యాసకులలో చాలామంది మూడో దశను వదిలేస్తారు. ప్రయోగానికి ప్రాణం ఆ దశలోనే ఉన్నది. బహుమతి నిర్ణయంలోకి లాటరీని, అంటే మనిషి ప్రమేయం లేని అంశాన్ని ప్రవేశపెట్టినప్పుడు, కులం ప్రకటించినా రెండు వర్గాల మధ్య తేడా మాయమైంది. కులం పేరు విన్న పిల్లవానికి తెలివి తగ్గలేదు. ఆత్మవిశ్వాసం చచ్చిపోలేదు. తాను ఎంత బాగా చేసినా ఎదుటి మనిషి సరిగా లెక్కగట్టడన్న అంచనా మాత్రమే అతన్ని వెనక్కి లాగింది. చీటీకి కులం తెలియదు కనుక చీటీని నమ్మాడు.

ఈ అంచనా రోగలక్షణం కాదు. తరతరాల అనుభవం నేర్పిన లెక్క. ఉపకారవేతనాల దరఖాస్తుల రోజున తరగతిలో కులం పేర నిలబడవలసి రావటం తెలుగు దళిత రచయితల అనుభవకథనాల్లో తరచు కనిపించే ఘట్టం. ఇంటిపేరు అడిగి, ఆ ఇంటిపేరుతో ఊళ్లో ఏ వాడలో ఉంటారని మెల్లగా ఆరా తీసే పలకరింపు తెలియని తెలుగువాడు ఉండడు. హాఫ్, పాండేలు ప్రయోగశాలలో ఒక్క నిమిషం చేసిన ప్రకటన ఇక్కడ పలకరింపుల్లో రోజూ జరుగుతుంది. ఇదే పరిశోధకులు 2014లో ప్రచురించిన వ్యాసంలో మరో ఫలితం ఉన్నది: కులాలవారీగా విడదీసి కూర్చోబెట్టినప్పుడు అగ్రకుల బాలుర పనితీరు సైతం తగ్గింది. హోదా గుర్తుకు వచ్చినవాడు కష్టపడవలసిన అవసరం లేదనుకుంటాడన్న వ్యాఖ్యకు అది తావిస్తుంది. అగ్రకుల బాలుని మనసు మీద ఎన్ని సిద్ధాంత గ్రంథాలు వచ్చాయో లెక్కించుకుంటే పరిశోధన మొగ్గు ఎటు ఉన్నదో తెలుస్తుంది.

ఇక్కడ ఒక జాగ్రత్త చెప్పవలసి ఉన్నది. క్లాడ్ స్టీల్, జాషువా ఆరన్సన్‌లు 1995లో ప్రతిపాదించిన "మూసముద్ర భయం" భావన నుంచి పుట్టిన ప్రయోగాలన్నీ సమాన బలం కలవి కావు. నెదర్లాండ్స్‌లో రెండు వేలకు పైగా విద్యార్థులతో జరిపి 2018లో ప్రచురించిన పెద్ద అధ్యయనంలో బాలికల గణిత ప్రతిభపై అటువంటి ప్రభావం కనబడలేదు. సామాజిక న్యాయం పేర బలహీనమైన ఫలితాలను మోస్తే, అవి కూలిన రోజున న్యాయవాదన సైతం కూలినట్లు ప్రత్యర్థులు చాటుతారు. హాఫ్, పాండేల ప్రయోగం కూడా ఒకే రాష్ట్రంలోని బాలురకు పరిమితమైనది. బాలికలు అందులో లేరు. తెలంగాణ అటవీగ్రామాల్లో కుల సంబంధాలు ఉత్తరప్రదేశ్ పద్ధతిలో ఉండవు. కనుక దాని ఫలితాన్ని ఎత్తుకొచ్చి మహదేవపూర్‌లో నాటటం కాదు చేయవలసింది. అది వేసిన ప్రశ్నను ఇక్కడ మళ్ళీ వేయాలి.

జవాబుపత్రం అట్టమీది కులం

తీర్పరి వైపు తిరిగిన పరిశోధనలు కొన్ని లేకపోలేదు. రేమా హన్నా, లీ లిండెన్‌లు 2012లో ప్రచురించిన అధ్యయనంలో ఉపాధ్యాయులకు జవాబుపత్రాలు ఇచ్చి దిద్దించారు. పత్రం అట్టమీద విద్యార్థి వయసు, లింగం, కులం యాదృచ్ఛికంగా మార్చి రాశారు. నిమ్నకులమని రాసిన పత్రాలకు ప్రామాణిక విచలనంలో 0.03 నుంచి 0.08 వంతు మార్కులు తగ్గాయి. తేడా చిన్నదే. ఉత్తీర్ణత అంచున ఉన్న పిల్లవానికి అది చిన్నది కాదు. ఇంకా ఆలోచింపజేసే విషయం, ఈ మొగ్గు నిమ్నకులాల ఉపాధ్యాయుల దిద్దుబాటులోనే ప్రధానంగా కనిపించటం. కులద్వేషమనే ఒక్క మాటతో దీన్ని వివరించటం కష్టం. అందరికీ తెలిసిన అంచనాలు చేతి కలంలోకి దిగుతాయి, ఆ చేయి ఎవరిదైనా సరే.

సుఖదేవ్ థోరట్, పాల్ అట్‌వెల్‌లు 2007లో వెలువరించిన అధ్యయనం ఉద్యోగాల రంగానికి చెందినది. పత్రికా ప్రకటనలకు సమాన అర్హతలున్న దరఖాస్తులను వేరువేరు పేర్లతో పంపారు. అగ్రకుల హిందువు పేరుతో పోలిస్తే దళిత పేరుకు పిలుపు వచ్చే అవకాశం దాదాపు మూడింట రెండు వంతులు, ముస్లిం పేరుకు మూడింట ఒక వంతు. ఈ రెండు అధ్యయనాలను సాధించినవారిలో మనోవిజ్ఞాన శాఖలవారికంటే ఆర్థిక, సామాజిక శాస్త్రాలవారు ఎక్కువ. మనసు గురించి మాట్లాడే అధికారం తమదేనన్న శాఖ ఈ పని ఇతరులకు వదిలిపెట్టటం విచారకరం.

రైతు చావుకు అర్హత

తెలంగాణలో మనసుపై తీర్పు చెప్పే వ్యవస్థ అత్యంత నగ్నంగా కనిపించే చోటు రైతు ఆత్మహత్యల నిర్ధారణ. 1997–98లో ఉమ్మడి వరంగల్ జిల్లాలో పత్తి పంటను పురుగు తినివేసినప్పుడు మొదలైన చావుల వరుస తరువాతి సంవత్సరాల్లో రాష్ట్రమంతటా వ్యాపించింది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2004 జూన్ 1న 421వ నంబరు ఉత్తర్వు జారీచేసి, చనిపోయిన రైతు కుటుంబానికి లక్షన్నర రూపాయల సహాయం ప్రకటించింది. రాష్ట్రం విడిపోయిన తరువాత తెలంగాణ ప్రభుత్వం 2015లో ఆ మొత్తాన్ని 6 లక్షలకు పెంచింది. సహాయం అందటానికి ముందు రెవెన్యూ, పోలీసు, వ్యవసాయ శాఖల అధికారులతో కూడిన తనిఖీ సంఘాలు ఆ చావు వ్యవసాయ సంక్షోభం వల్ల జరిగినదా, మరో కారణం వల్ల జరిగినదా అన్నది తేల్చాలి.

మనోవైద్యంలో మరణించినవాని మానసిక స్థితిని బంధువుల మాటల ద్వారా పునర్నిర్మించే పద్ధతి ఒకటి ఉన్నది. ఆంగ్లంలో దానికి "సైకలాజికల్ అటాప్సీ" అని పేరు. శిక్షణ పొందినవారు ఎన్నో వారాలు శ్రమించి, అనేకుల మాటలు సరిచూసుకొని చేసే పని అది. అదే పనిని ఇక్కడ ఆ శిక్షణ ఏమాత్రం లేని అధికారులు చేస్తారు. శవం లేచిన ఇంట్లో అడిగే ప్రశ్నలు తెలిసినవే: తాగేవాడా, ఇంట్లో తగాదాలున్నాయా, పట్టా ఎవరి పేర ఉన్నది, అప్పు బ్యాంకులోదా షావుకారు దగ్గరిదా. షావుకారి అప్పుకు కాగితం ఉండదు. కౌలు ఒప్పందానికి కాగితం ఉండదు. పట్టా తండ్రి పేరనో, అన్న పేరనో ఉంటుంది. భార్య పొలంలో పనిచేసినా ఆమె రైతని చెప్పే పత్రమే ఉండదు. చివరకు ఏ మనసు విరిగిందన్న ప్రశ్నకు జవాబు ఏ కాగితం ఉన్నదన్న దానిమీద ఆధారపడుతుంది.

ఈ తీర్పులో వ్యక్తిగత మనస్తత్వం అనే భావన చేసిన పని గమనించదగ్గది. "అతను తాగేవాడు" అన్న మాట వైద్యపరంగా ఒక సమాచారం. తనిఖీ సంఘం ముందు అది కుటుంబానికి ఎదురుసాక్ష్యం. అప్పుల వల్ల తాగినవాడా, తాగి అప్పులపాలైనవాడా అన్నది తేల్చే ఓపిక ఆ పత్రానికి లేదు. కర్ణాటకలో 2002లో నివేదిక సమర్పించిన వీరేశ్ కమిటీ మద్యపానం, కుటుంబ కలహాల వంటి వ్యక్తిగత కారణాలకు పెద్దపీట వేసిందన్న విమర్శను ఎదుర్కొన్నది. ఆంధ్రప్రదేశ్‌లో జయతీ ఘోష్ అధ్యక్షతన 2004లో ఏర్పడిన రైతు సంక్షేమ సంఘం అందుకు భిన్నంగా పెట్టుబడి, రుణం, కౌలుదారీ, ప్రభుత్వ విధానాల వైపు చూసింది. రెండో దృష్టి సరైనదని ఈ వ్యాసం భావిస్తుంది. అయితే అందులోనూ ఒక వెలితి ఉన్నది. బాధపడే మనిషి లోపలి సంగతి పూర్తిగా పక్కకు జరిగింది. మనసును పట్టించుకుంటే నింద మీదపడుతుంది, నిందను తప్పిస్తే మనసు కనబడకుండా పోతుంది. ఈ ఇరకాటం నుంచి బయటపడే మార్గం చూపటం మనోవిజ్ఞానం చేయదగ్గ పని.

2018 ఆగస్టులో మొదలైన రైతుబీమా పథకాన్ని ఈ కోణంలో చదవవచ్చు. 18 నుంచి 59 ఏళ్ళ మధ్య వయసుగల పట్టాదారు ఏ కారణం వల్ల మరణించినా కుటుంబానికి 5 లక్షల రూపాయలు అందుతాయి. ప్రీమియం ప్రభుత్వమే చెల్లిస్తుంది. తాగాడా, కొట్లాడాడా అన్న విచారణకు అందులో చోటు లేదు. మనసుపై తీర్పు చెప్పే మనిషి పక్కకు తప్పుకున్నాడు. హాఫ్, పాండేల లాటరీ చీటీ చేసిన పని వేరొక రూపంలో ఇక్కడ జరిగింది. పథక నిర్మాతలకు ఆ ప్రయోగం తెలిసి ఉండవలసిన అవసరం లేదు. కానీ తలుపు దగ్గర మరో తీర్పరి ఉన్నాడు: పట్టా. కౌలు రైతుకు, పట్టా లేని పోడు రైతుకు ఈ తలుపు తెరుచుకోదు. కౌలుదారులకు రుణ అర్హత కార్డులిచ్చే చట్టం 2011లోనే వచ్చినా, తెలంగాణ వచ్చాక ఈ పథకాలను దానితో ముడిపెట్టలేదు.

చేతికి డబ్బు అందే కాలం

దసలి పట్టు రైతుకు కాయ అమ్ముడైన రోజున చేతిలో డబ్బు ఉంటుంది. తరువాతి పంట దాకా ఉండదు. పత్తి రైతు సంగతీ అంతే. ఆనంది మణి, సెంథిల్ ములైనాథన్, ఎల్డార్ షాఫిర్, జియాయింగ్ ఝావోలు 2013లో ప్రచురించిన అధ్యయనం తమిళనాడులోని విల్లుపురం, తిరువణ్ణామలై ప్రాంతాల్లో 54 గ్రామాలకు చెందిన 464 మంది చెరకు రైతులను కోతకు ముందు, కోత తరువాత పరీక్షించింది. ఒకే రైతు డబ్బులేని రోజుల్లో తర్కపరీక్షల్లో వెనుకబడి, డబ్బు వచ్చాక మెరుగుపడ్డాడు. పేదవాడు తెలివితక్కువవాడు కనుక పేదవాడయ్యాడన్న పాత నమ్మకానికి ఇది గట్టి దెబ్బ. గణాంక విశ్లేషణపై తరువాత అభ్యంతరాలు వచ్చినా ఆ ప్రశ్న నిలిచే ఉన్నది.

ఈ అధ్యయనం ఆధారంగా వచ్చే సిఫార్సులు ఎక్కువగా కాలానికి సంబంధించినవి: దరఖాస్తులు సులభం చేయండి, డబ్బు సాగుకు ముందే ఇవ్వండి. 2018లో సీజనుకు ఎకరాకు 4,000 రూపాయలతో ప్రారంభమైన రైతుబంధు సరిగ్గా ఆ సమయానికే డబ్బు ఇచ్చింది. మనోవైజ్ఞానికంగా చూస్తే మంచి నమూనా. న్యాయపరంగా చూస్తే ఎకరాల లెక్కన ఇచ్చిన డబ్బు, ఎక్కువ భూమి ఉన్నవానికి ఎక్కువగా, దున్నేవానికి పట్టా లేకపోతే సున్నాగా చేరింది. రంధి ఎక్కువగా ఉన్నచోటికి అది చేరలేదు. సమయాన్ని సరిచేయటం ఒకటి, వాటాను సరిచేయటం మరొకటి అన్న భేదాన్ని కొరతను గురించిన మనోవిజ్ఞానం తగినంతగా పట్టించుకోలేదు.

రంధి, మనాది, కుంగుబాటు

పై పేరాలో రంధి అన్న మాట వచ్చింది. పత్రికల తెలుగులో "డిప్రెషన్"కు కుంగుబాటు అన్న పదం స్థిరపడింది. 2023 చివరి నెలల్లో మహదేవపూర్‌లో ఎవరినైనా కుంగుబాటు గురించి అడిగితే బ్యారేజీ సంగతి చెప్పి ఉండేవారు. ఇది హాస్యానికి చెప్పిన మాట కాదు. తొమ్మిది ప్రశ్నల కుంగుబాటు మాపకాన్ని తెలుగులోకి దించి, గడచిన రెండు వారాల్లో ఎన్ని రోజులు నిరుత్సాహంగా ఉన్నారని అడిగే పరిశోధకుడు తన ప్రశ్న ఎవరి తెలుగులో ఉన్నదని ముందుగా తనను తాను అడుగవలసి ఉంటుంది.

తెలంగాణ పలుకుబడిలో బాధకు చాలా పేర్లున్నాయి. రంధి, మనాది, బుగులు, ఫికరు. బుగులు రాబోయే దానికి సంబంధించినది. ఫికరులో లెక్కలు, ఏర్పాట్లు, నెత్తిమీది బాధ్యత ఉంటాయి. రంధి ఒకేదాన్ని పదేపదే తలచుకొనేది. "రంధి పెట్టుకున్నడు" అంటారు, "రంధి పట్టుకున్నది" అనీ అంటారు. మనిషి దాన్ని పెట్టుకుంటాడా, అది మనిషిని పట్టుకుంటుందా అన్న చర్చ ఆ రెండు క్రియల్లోనే ఉన్నది. మనాది ఎప్పుడూ దేనిదో ఒకదానిది: బిడ్డ మనాది, పొలం మనాది, అప్పు మనాది. కారణం లేని మనాది ఈ భాషలో దాదాపు ఊహకు రాదు. మాపకం కారణాన్ని వదిలేసి తీవ్రతను లెక్కిస్తుంది. భాష కారణాన్ని చెప్పిన తరువాతే తీవ్రతలోకి పోతుంది. కోయ మాట్లాడే ఇండ్లలో ఈ లెక్క మరింత వేరుగా ఉండవచ్చు. వారిని తెలుగు మాపకంతో కొలవటమంటే ఒక అనువాదానికి మరో అనువాదం తగిలించటమే.

మనాదికి కారణం అడగని పరిశోధన తనిఖీ సంఘం కంటే మెరుగైనదేమీ కాదు. అధికారి కారణాన్ని ఎదురుసాక్ష్యంగా వాడుకుంటాడు, పరిశోధకుడు దాన్ని అసలు వినడు. ఉభయత్రా ఆ కుటుంబం చెప్పదలచుకున్నది పత్రం మీదికి రాదు.

స్వేరో, ఎవరెస్టు

బాధితుని మనసులోంచే బలం తీయాలన్న ప్రయత్నాన్ని చిన్నచూపు చూడటం ఈ వ్యాస ఉద్దేశం కాదు. సాంఘిక సంక్షేమ గురుకుల విద్యాలయాల సంస్థ కార్యదర్శిగా 2012లో బాధ్యత చేపట్టిన ఐపీఎస్ అధికారి ఆర్.ఎస్. ప్రవీణ్ కుమార్ 2021 వరకు కొనసాగారు. ఆ కాలంలో రూపొందిన "స్వేరో" అన్న పేరు సాంఘిక సంక్షేమానికి ఆకాశాన్ని జోడించింది. ప్రభుత్వ రికార్డుల్లోని కులవర్గం పేరును పక్కనపెట్టి విద్యార్థులు తమకు తాము పెట్టుకొనే పేరు అది. తాము ఎవరికీ తక్కువ కాదన్న భావంతో మొదలయ్యే పది సూత్రాలను వారు నిత్యం పలికేవారు. 2014 మే 25న మాలావత్ పూర్ణ, సాధనపల్లి ఆనంద్ కుమార్ ఎవరెస్టు ఎక్కారు. పూర్ణకు అప్పుడు పదమూడేళ్లు.

హాఫ్, పాండేల ప్రయోగంలో కులాన్ని ప్రకటించినవాడు బయటివాడు. ఇక్కడ పేరును ప్రకటించినది పిల్లలే. ఈ మార్పు చిన్నది కాదు. గురుకులంలో తోటివారందరూ అదే పేరుతో ఉన్నారు, ఉపాధ్యాయులూ పలుకుతున్నారు. డేవిడ్ యేగర్ బృందం అమెరికాలో సుమారు పన్నెండు వేల మంది తొమ్మిదో తరగతి విద్యార్థులతో చేసి 2019లో ప్రచురించిన అధ్యయనంలో, తెలివి పెరుగుతుందన్న నమ్మకం కలిగించే పాఠం వెనుకబడిన విద్యార్థుల సగటును 0.1 గ్రేడు పాయింటు మాత్రమే పెంచింది. తోటివారి వాతావరణం అనుకూలంగా ఉన్న పాఠశాలల్లోనే అది బాగా నిలబడింది. నమ్మకానికి ఆవరణ కావాలి. గురుకులం ఆ ఆవరణను ప్రాంగణం లోపల కల్పించగలిగింది. ప్రాంగణం దాటి విశ్వవిద్యాలయంలో అడుగుపెట్టిన విద్యార్థి ఎదుర్కొనే తీర్పరులు వేరు. 2016 జనవరి 17న హైదరాబాదు కేంద్రీయ విశ్వవిద్యాలయంలో రోహిత్ వేముల మరణం తరువాత విద్యార్థులకు మార్గదర్శనం, మానసిక సహాయం కావాలన్న మాట అన్ని సంస్థల నుంచి వినిపించింది. శిక్షలు వేసే సంఘాల మనస్తత్వాన్ని అధ్యయనం చేయాలన్న మాట అంతగా వినిపించలేదు.

ఎవరి లోపలి లోకం?

సాహిత్య విమర్శకు ఈ చర్చతో దగ్గరి సంబంధం ఉన్నది. తెలుగులో "మనోవైజ్ఞానిక నవల" అనగానే గోపీచంద్ అసమర్థుని జీవయాత్ర, బుచ్చిబాబు చివరకు మిగిలేది గుర్తుకొస్తాయి. ఆ నవలల్లో మనసు ఉన్నది. దళిత, గిరిజన జీవితాలను చిత్రించిన నవలలను మాత్రం "సామాజిక నవల" అన్న శీర్షిక కింద చదువుతారు. వాటిలో పరిస్థితులు ఉన్నాయట. విద్యావంతుడైన పైకులపు పురుషునికి అంతరంగం, తక్కినవారికి సామాజిక స్థితి అన్న ఈ పంపకం పాఠ్యప్రణాళికల్లో ఎంత సహజంగా స్థిరపడిందంటే, దాన్ని ఎవరూ ప్రశ్నించరు.

అంపశయ్య నవీన్ 1969లో ప్రచురించిన అంపశయ్య ఈ పంపకాన్ని కొంత కలవరపెడుతుంది. ఉస్మానియా హాస్టల్‌లో ఉంటున్న పేద గ్రామీణ విద్యార్థి రవి ఒక రోజు ఆలోచనలే ఆ నవల. చైతన్యస్రవంతి శిల్పానికి ఉదాహరణగా దాన్ని వందలసార్లు ఉదహరించారు. రవి మనసులో మెదిలేవి ఫీజు, మెస్ బిల్లు, చిన్నతనం, ఊరు. అంతరంగమంతా బయటి లెక్కలతో నిండి ఉన్నది. శిల్పాన్ని పొగిడిన విమర్శ ఆ లెక్కలను నేపథ్యంగా పక్కనపెట్టింది. అదే నవలను రవిని కొలిచినవారి వైపు నుంచి, అంటే హాస్టల్, విశ్వవిద్యాలయం, తోటి విద్యార్థుల చూపుల వైపు నుంచి చదివే పరిశోధన ఇంకా చేయదగ్గదే.

తనిఖీ పత్రంపై ప్రయోగం

మహదేవపూర్ వంటి మండలంలో సామాజిక న్యాయానికి ఉపయోగపడే మనోవైజ్ఞానిక పరిశోధన ఎలా ఉండవచ్చునో ఒక ఉదాహరణ చెప్పవచ్చు. హన్నా, లిండెన్‌ల పద్ధతిని తనిఖీ సంఘాలకు వర్తింపజేయటం. ఒకే మరణానికి సంబంధించిన కల్పిత దస్త్రాన్ని నాలుగు రకాలుగా తయారుచేయాలి. ఒకదానిలో పట్టా మృతుని పేర ఉంటుంది, మరొకదానిలో తండ్రి పేర. ఒకదానిలో అప్పు బ్యాంకుది, మరొకదానిలో షావుకారుది. ఇంటిపేరు మార్చాలి. కొన్నింట మృతుడు అప్పుడప్పుడు తాగేవాడన్న ఒక్క వాక్యం చేర్చాలి. కొన్నింట మృతుని స్థానంలో మహిళా రైతును ఉంచాలి. రెవెన్యూ, పోలీసు, వ్యవసాయ శాఖల్లో పనిచేసిన విశ్రాంత అధికారులకు వీటిని యాదృచ్ఛికంగా పంచి, అర్హతపై నిర్ణయం రాయమని కోరాలి. ఏ వాక్యం ఎన్ని దస్త్రాలను తిరస్కరణ వైపు నెట్టిందన్నది అంకెల్లో తేలుతుంది.

ఈ పరిశోధనకు పెద్ద నిధులు అక్కరలేదు. రెండో దశలో అవే దస్త్రాల్లో కుటుంబం చెప్పిన మనాదిని వారి మాటల్లోనే ఒక పేరాగా చేర్చి, నిర్ణయాలు మారతాయేమో చూడవచ్చు. మారకపోతే అదీ ఒక ఫలితమే. నైతిక అనుమతులు, అధికారుల గోప్యత, కల్పిత దస్త్రమని తరువాత వెల్లడించటం వంటివి పద్ధతి ప్రకారం చూసుకోవాలి. చావు జరిగిన ఇంటి గడప తొక్కవలసిన పని మాత్రం ఇందులో లేదు. మహదేవపూర్ రైతు, ఆయన భార్య, వారి బడిపిల్లవాడు ఎవరూ ఏ మాపకాన్నీ నింపనక్కరలేదు.